బండియా, ఇల్లా?



ఈ మాసము మన ముచ్చటకు మూలము సముద్రముల కావలినుండి వచ్చిన యొక జాబు. వ్రాసిన సోదరి గుంటూరు ప్రాంతపు గృహిణి. మా పత్రికకు చిరకాలపు చదువరి. కుమార్తె పురుటికై అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునకు వెళ్లి, మౌంటెన్ వ్యూ అను పట్టణమున కొంతకాలముగా నున్నారు. ప్రతిదినము ఉదయమున మనుమని తోపుడుబండిలో పరుండబెట్టుకొని వాహ్యాళికి పోవునపుడు ఒక వీథి ప్రక్కను వరుసగా పెద్ద బండ్లు నిలిచియుండుట చూచిరట. "మొదట సరకులు మోయు బండ్లనుకొంటిని. ఒకనాడు ఒక తెల్లబండి కిటికీలో బడికి పోవు పిల్ల గౌను ఆఱవేసియుండెను. మఱునాడు లోపలినుండి ఉల్లిపాయలు వేగుచున్న వాసన వచ్చినది. అప్పుడుగాని అందులో సంసారములున్నవని నాకు తోచలేదు" అని వ్రాసినారు.

ఆ రాత్రి భోజనముకడ ఈ సంగతి చెప్పగా, ఆ బండ్లను వీథినుండి పంపివేయుటకు చట్టమున్నదని అల్లుడనెనట. వారి నట్లు పంపివేయరాదనుటకును చట్టమున్నదని కుమార్తె యనెనట. అన్నము చల్లారువఱకు వాదము సాగినది. "ఇద్దఱిలో ఎవరిమాట నిజము? అసలు బండిని ఇల్లనవచ్చునా?" అని యామె మమ్మడిగినారు.

ఇద్దఱిమాటయు నిజమే. రెండవ ప్రశ్నకు మాత్రము ఒక్క వాక్యమున బదులు చెప్పలేము.

ఆ బండ్లను అచట 'ఆర్.వి.' యందురు, విహారవాహనములని యర్థము. మనము ఇంటిబండ్లని పిలుచుకొందము. చూచుటకు బస్సువలె నుండును. లోపల మంచము, పొయ్యి, అంట్లు తోముకొను తొట్టి, మఱుగుదొడ్డి, కొన్నింట స్నానపుగది కూడ నుండును. కలవారు సెలవులలో కొండలు, అడవులు చూడబోవుటకు వీనిని కొనియుంచుకొందురు. ఆ బండియే పాతబడి, చేతులు మాఱి, అద్దె యిచ్చుకొనలేని కుటుంబమునకు చేరినపుడు విహారము పోయి నివాసము మిగులును. మౌంటెన్ వ్యూ పట్టణము గూగుల్ సంస్థకు ప్రధానస్థానము. ఆ ప్రాంతపు ఇండ్ల యద్దెలు మన తెలుగు బిడ్డలకు, పెద్ద జీతములు తెచ్చుకొనువారికే, భారముగా నున్నవని వారి తల్లులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ పట్టణమునందే వంటయిండ్లలో, తోటలలో, పాకీపనిలో దినము గడుపువారికి అవి యెట్లు అందును?

బండిలో సంసారమెట్లు నడచునో ముందు తెలిసికొనవలెను. అది తెలియనిది చట్టము తెలియదు. ఇంటిబండి యడుగున సాధారణముగా మూడు నీటితొట్లుండును. ఒకదానిలో మంచినీరు, రెండవదానిలో అంట్లు కడిగిన నీరును స్నానపునీరును, మూడవదానిలో మఱుగుదొడ్డి మురుగు. మొదటిది ఖాళీయగుచుండగనే తక్కిన రెండును నిండుచుండును. మంచినీరు పట్టుకొనుటకును మురుగు వదలుటకును ఏర్పఱచిన స్థలములు సామాన్యముగా విడిదితోటలలో నుండును. బండి అచటికి నడచిపోవలెను, రుసుము చెల్లింపవలెను. పట్టణపు వీథిలో కొళాయి లేదు, మురుగుకాలువకు దారి లేదు. కావున ఆ యింటి యిల్లాలు ప్రతి చెంబునీటిని లెక్కపెట్టుకొనును. పప్పు కడిగిన నీరు గిన్నెలు తొలుచుటకు, గిన్నెలు తొలిచిన నీరు దొడ్డికి. మనలో బిందెతో దూరపు బావికి పోయిన తరమువారికి ఈ లెక్క క్రొత్తది కాదు. ఇచట క్రొత్తది ఒక్కటే: నీరు తెచ్చుకొనుటకు బిందె కాక ఇల్లే కదలిపోవలెను.

ఇఱుగుపొరుగువారి మొఱ్ఱ కూడ ఇచటనే పుట్టినది. కొందఱు తొట్టి నిండినపుడు దూరము పోలేక, పోవుటకు ఇంధనము లేక, మురుగును వీథికాలువలో వదలుదురు. ఆ ప్రాంతమున వాననీటి కాలువలు శుద్ధి లేకయే సముద్రపు పాయలో కలియును. విద్యుచ్ఛక్తికై నడుపు యంత్రములు రాత్రివేళ రొదచేయును. గ్యాసు సిలిండరులవలన నిప్పు భయము. ఎత్తైన బండి మలుపున నిలిచిన, అవతలినుండి వచ్చు సైకిలు పిల్లవాడు కనబడడు. ఈ మొఱ్ఱలు కల్పితములని మేమనము. మన వాకిటిముందు ఎవరైన మురుగునీరు వదలిన మనమును ఊరకుండము గదా.

ఇక నిబంధనల మాట. అచటి పట్టణములు పలువిధముల నియమములు చేసినవి. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది 72 గంటల నియమము. ఒక బండి వీథిలో ఒకేచోట 72 గంటలకు మించి నిలువరాదు. నిలిచినచో పోలీసులు దానిని ఈడ్చుకొనిపోవచ్చును. కాలిఫోర్నియా చట్టము పట్టణసభల కీ యధికార మిచ్చినది. ఊరక వదలివేసిన కార్లను తొలగించుటకు ఇది మంచి నియమమే. ఇంటిబండికి వర్తించునపుడు దీనియర్థమేమో చూడుడు. మూడుదినముల కొకసారి గ్యాసు కట్టవలెను, అరల తలుపులు బిగింపవలెను, పాలగిన్నె దింపవలెను, గిన్నెలన్నియు దొర్లకుండ సర్దవలెను, ఆఱవేసిన బట్టలు మడవవలెను, నిద్రించు పిల్లను లేపి కూర్చుండబెట్టి పట్టీ కట్టవలెను. పిదప యంత్రము కదలవలెను. పాతబండి యంత్రము ఒకనాడు కదలకున్న, మూడవదినము గడచుసరికి ఇల్లు, పాలగిన్నె, గౌను అన్నియు పోలీసువారి బండ్లదొడ్డిలో నుండును.

అంతకంటె సూటియైన నియమము లాస్ ఏంజిలిస్ నగరమువారు 1983లో చేసినది. వీథిలో నిలిపిన బండిని నివాసముగా వాడరాదని దాని సారాంశము. నివాసమన నేమి? అది వారు చెప్పలేదు. పోలీసులు బండిలో దుప్పటి, ఆహారపు డబ్బాలు, బట్టలసంచి కనబడిన నివాసమే యని పట్టుకొనసాగిరి. ఆ వ్యవహారము పశ్చిమరాష్ట్రములకు సంబంధించిన అప్పీలు న్యాయస్థానమునకు పోయినది. 2014 జూనులో న్యాయమూర్తులు ఆ నియమమును కొట్టివేసిరి. బండిలో కూర్చుండి అన్నము తినుట నేరమా, పుస్తకములుంచుకొనుట నేరమా, వాన తగ్గువఱకు లోపల కూర్చుండుట నేరమా, ఏది నేరమో నడచుకొనువానికి తెలియని నియమము నియమము కాదని వారి యభిప్రాయము. ఆ తీర్పు చదువునపుడు మాకొక సంగతి తోచినది. నేరమునకు సాక్ష్యములుగా చూపిన వస్తువుల పట్టిక యంతయు ఒక ఇల్లాలి అటకమీది సామానుల పట్టికయే. ఆ నగరము పిమ్మట మఱొక నియమము చేసి, రాత్రివేళ ఇండ్లున్న వీథులలో బండ్లలో నివసింపరాదని 2017నుండి కొన్నియేండ్లు అమలు జరిపినది.

బండియా, ఇల్లా యన్న తగవు ఈనాటిది కాదు. 1930 తరువాతి కఱవుకాలమున ఆ దేశమున వేలకొలది కుటుంబములు కారు వెనుక తగిలించు ఇంటిబండ్లలో కాపురముండెను. 1936లో మిచిగన్ రాష్ట్రములోని ఒక చిన్న గ్రామమున ఒకడు సరస్సు ఒడ్డున అట్టి బండిని నిలిపి యుండగా గ్రామాధికారులు అభియోగము తెచ్చిరి. అది బండియే గాని ఇల్లు కాదని అతని వాదము. స్థానిక న్యాయాధికారి, మనుష్యులు అందు వండుకొని తిని నిద్రించుచున్నారు గావున చక్రములున్నను అది ఇల్లే యని తీర్పు చెప్పెను. ఇల్లని యొప్పుకొన్నందున అతనికి లాభము కలిగెనా? లేదు. ఆ గ్రామమున ఇంతకంటె చిన్న ఇల్లుండరాదను నిబంధన కలదు. ఇల్లగుటచేతనే అది చట్టవిరుద్ధమైనది. బండి యన్న రోడ్డు నియమము పట్టును, ఇల్లన్న ఇంటి నియమము పట్టును. లోపలివారికి రెండుప్రక్కలను తలుపు మూతయే.

ఈ రెండవప్రక్క తలుపు కొంచెము తెఱచుకొన్నది సియాటిల్ నగరమున. ఈ కథ మేము కొంత నిదానముగా చెప్పెదము. దీనిలో లెక్కలున్నవి, గృహిణులకు లెక్కలు తెలియును. అచట చేతిపనులు చేసి బ్రతుకు ఒకాయన, ఆదివాసి జాతివాడు, వయస్సు 50 దాటినది, తన ట్రక్కులో నివసించుచుండెను. పనిముట్లన్నియు అందే యుండెను. నగరమునకు చెందిన ఖాళీస్థలమున దానిని నిలిపియుంచెను. 72 గంటల నియమము మీఱెనని 2016లో, అతడు పనిలో నుండగా ట్రక్కును ఈడ్చుకొనిపోయిరి. తిరిగివచ్చి చూడగా ఇల్లున్నచోట నేల మిగిలినది. దానిని విడిపించుకొనుటకు 946 డాలర్లు చెల్లింపవలసియుండెను. న్యాయాధికారి దయతలచి 547కు తగ్గించి, నెలకు 50 డాలర్లచొప్పున వాయిదాలు కట్టుమనెను. అతని యార్జన నెలకు 400నుండి 700 డాలర్లలోపు. చేతనున్నది 50 డాలర్లు. ఆ సొమ్ములో తినవలెను, కట్టవలెను, తలదాచుకొనవలెను.

ఆ రాష్ట్రమున ఋణదాతలనుండి కుటుంబపు గృహమును కాపాడు చట్టమొకటి పూర్వమునుండి కలదు. ట్రక్కులో నివసించుచున్నందున అదియే తన గృహమని అతని న్యాయవాదులు వాదించిరి. వ్యవహారము దిగువ న్యాయస్థానములు దాటి రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినది. 2021 ఆగస్టులో న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి: ఆ ట్రక్కు గృహమే, అంతేకాక, చెల్లింపశక్తి లేనివానిపై ఆ 547 డాలర్ల భారము రాజ్యాంగము నిషేధించిన మితిమీఱిన జరిమానా. ఆ ట్రక్కును ఈడ్చుటకు నగరమునకు అధికారమే లేదని వారనలేదు. ఈ భేదమును మన సోదరి తన యల్లునికి చెప్పవలెను. నగరములు నియమము చేయవచ్చును. నియమము తప్పినవానిని శిక్షించునపుడు వాని గృహమును, వాని మూటను, వాని సంపాదనను చూడవలెను.

కుమార్తె పక్షమున నున్న చట్టము ఇట్టిది. అల్లుని పక్షమున నున్నది అంతకంటె బలమైనదని చెప్పక తప్పదు. 2024 జూను 28న అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఒరెగాన్ రాష్ట్రములోని గ్రాంట్స్ పాస్ అను పట్టణపు వ్యవహారమున, పోవుటకు వేఱుచోటు లేనివారైనను బహిరంగస్థలములలో పడుకకు శిక్షించుట రాజ్యాంగవిరుద్ధము కాదని ఆఱుగురు న్యాయమూర్తులు ఒకప్రక్కను, ముగ్గురు మఱొకప్రక్కను తీర్పు చెప్పినది. సోటొమేయర్ అను న్యాయమూర్తి ఆ ముగ్గురి తరపున, నిద్ర శరీరమునకు ఆవశ్యకముగాని నేరము కాదని భిన్నాభిప్రాయము వ్రాసినది. ఆ వ్యవహారము ముఖ్యముగా ఆరుబయట పడుకొనువారిని గూర్చినదే యైనను, బండ్ల విషయమున కూడ పట్టణములకు ధైర్యము కలిగినది. దాపుననే యున్న శాన్ ఫ్రాన్సిస్కో నగరము 2025 జూలైలో 22 అడుగులకు మించిన పొడవుగాని 7 అడుగులకు మించిన ఎత్తుగాని గల బండ్లు రెండుగంటలకంటె ఎక్కువసేపు వీథిలో నిలువరాదని శాసించినది. నగరమువారి లెక్కలో అప్పటికే నమోదై యున్న బండ్లవారికి మాత్రము ఆఱుమాసముల పర్మిటు ఇచ్చి, ఆ లోపల ఇల్లు చూపెదమనియు, బండిని తమకే అమ్మివేసిన సొమ్మిచ్చెదమనియు చెప్పిరి. లెక్కకు తరువాత వచ్చినవారి గతి యేమని మేము ఆలోచింపకపోలేదు.

ఇక మన సోదరి చూచిన మౌంటెన్ వ్యూ. ఆ పట్టణసభ ఇరుకు వీథులలో పెద్దబండ్లు నిలుపరాదని 2019లో నియమము చేయగా, కొందఱు పౌరులు సంతకములు సేకరించి, దానిని వోటరుల నిర్ణయమునకు పెట్టించిరి. 2020 నవంబరులో వోటరులు నియమమునే బలపఱచిరి. ఇరుకు వీథియన 40 అడుగులు లేక అంతకు తక్కువ వెడల్పు గలది. మన గుంటూరులో 40 అడుగుల వీథిని ఇరుకని యన్నచో నవ్విపోదురు గాని, ఆ పట్టణపు వీథులలో అధికభాగ మట్టివే. అనగా ఇరుకను మాటతో ఊరంతయు మూసినట్లైనది. అచ్చటి బండ్లవాసుల పక్షమున న్యాయవాద సంఘములు 2021లో దావా వేసెను. 2022లో రాజీ కుదిరినది: పెద్దబండ్లు నిలుచుటకు కనీసము మూడుమైళ్ల పొడవు వీథులను విడిచియుంచుటకు పట్టణము ఒప్పుకొన్నది. మా సోదరి వాహ్యాళికి పోవు వీథి ఆ మూడుమైళ్లలోనిదై యుండును. ఆ తెల్లబండి అచట నిలిచియుండుట ఎవరి అశ్రద్ధయు గాదు, దొంగతనమును గాదు. మొఱ్ఱపెట్టిన పక్షము, ఎదిరించిన పక్షము ఒక బల్లముందు కూర్చుండి కొలిచి యిచ్చిన చోటది.

మాకు నచ్చిన యేర్పాటు ఇంకొకటి కలదు. 2004లో ఆ రాష్ట్రమునందే శాంటా బార్బరా పట్టణమున ఒక ధర్మసంస్థ, రాత్రివేళ ఖాళీగా నుండు బండ్లస్థలములను అడిగి తీసికొని, బండ్లలో నిద్రించువారికి ఈయసాగెను. రాత్రి రావచ్చును, ఉదయమున పోవలెను. మఱుగుదొడ్డి ఏర్పాటుండును, పోలీసు తలుపు తట్టడు, ఇల్లు వెదకిపెట్టుటకు సంస్థవారు తోడ్పడుదురు. పిమ్మట అనేక పట్టణములు ఈ పద్ధతి నవలంబించినవి. మౌంటెన్ వ్యూలో కొన్ని స్థలములు పగలును రాత్రియు తెఱచియుండును. ఇట్టిచోట మురుగు తీసికొనిపోవు బండి వచ్చునట్లు ఏర్పాటు చేయవచ్చును గనుక, పొరుగువారి ప్రధానమైన మొఱ్ఱ కూడ తీఱును. ఉన్న బండ్లకు ఈ స్థలములు చాలకుండుటయే లోపము. పిల్లకు బడి, తల్లికి పని అదే ఊరిలో నున్నవి. స్థలము వేఱుచోట దొరకినను ప్రయోజనము స్వల్పము.

మనకీ తగవు వింతగా దోచుటకు కారణము కలదు. కోటప్పకొండ తిరునాళ్లకు ఎడ్లబండ్లపై తరలిపోయి, కాడి దింపి, బండినీడను మూడురాళ్లు పెట్టి వండుకొని, గడ్డిపఱుపుపై పిల్లల నిద్రపుచ్చిన తరమువారు మన యిండ్లలో ఇంకను ఉన్నారు. ఆ మూడురాత్రులు బండియే ఇల్లు, ఎవరును కాదనలేదు. తిరునాళ్లు ముగియగనే బండ్లు ఊరికి మరలును గనుక కాదనవలసిన పనియు కలుగలేదు. ఊరివెలుపల గుడారములు వేసికొను సంచారజాతులవారిని మాత్రము మనమును ఎన్నాళ్లుందురని అడుగుచునే యుంటిమి. మరలిపోవుటకు ఊరున్నవాని బండి ముచ్చట, లేనివాని బండి తగవు. ఇందు అమెరికావారికంటె మనము మేలని చెప్పుకొనుటకు మాకు నోరు రాలేదు.

జాబు చివర సోదరి మఱొక మాట అడిగినారు. చలికాలమున ఆ తెల్లబండిలోని తల్లిని, పిల్లను తమ ఇంటి ఆవరణలో బండి నిలుపుకొని యుండుమని కుమార్తె పిలువదలచినదట, అల్లునికి భయము. అతని భయము నిరాధారము కాదు. చాల పట్టణములలో సొంత ఆవరణలో నిలిపిన బండియందు సహితము మనుష్యులు నివసింపరాదనియు, అతిథులైనచో ఇన్ని దినములే యుండవచ్చుననియు నిబంధనలుండును. ఇంటిసంఘముల నియమములు వేఱు. కనుక ముందుగా పట్టణసభ కార్యాలయమున విచారించి, అద్దె యిల్లైన యజమాని యనుమతి వ్రాతపూర్వకముగా పొందవలెను. బండ్లస్థలములను నడుపు ధర్మసంస్థలో ఖాళీ యున్నదేమో కూడ అచటనే చెప్పుదురు. అన్నిటికంటె ముందు ఆ తల్లినే అడుగవలెను. ఆమె తన చోటును, తన పొరుగును, తన తాళపుచెవిని విడిచి పరుల ఆవరణకు రాగోరునో లేదో మన మెఱుగము. జాబంతటిలో సోదరి ఆమెతో మాటాడినట్లు ఎక్కడను వ్రాయలేదు. గౌను చూచిరి, వాసన చూచిరి; పలుకరింపలేదు. భాష రాదని సంకోచమేమో. పసివానిని చంకనెత్తుకొని నిలిచిన యమ్మమ్మను చూచి చిఱునవ్వు నవ్వుటకు ఏ తల్లికిని భాష అక్కఱలేదు.

ఈ ప్రత్యుత్తరము పత్రికలో అచ్చగునాటికి ఆలస్యమగునని సోదరికి వేఱుగా కూడ పంపితిమి. విదేశములందున్న తక్కిన సోదరీమణులు తమతమ పట్టణములలో ఇట్టి బండ్లనుగూర్చి తాము చూచినది, తమ పొరుగున జరిగినది వ్రాసిన, పేరులు లేకుండ రాబోవు సంచికలో ప్రకటింతుము.